రేడియో మీద పెట్టిన భేజా

నేను పనిలోంచి వచ్చి గడప దాటగానే మా అత్తమ్మ నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసేది. జ్వరం వచ్చిందేమోనని కాదు, లోపల మెదడు ఉడికిందేమోనని. పాలు కాగాయో లేదో చూసే మనిషిలా కాసేపు కళ్లు మూసుకుని ఆలోచించి, "ఇయ్యాల జర నయమే" అనేది. తర్వాత నన్ను పీట మీద కూర్చోబెట్టి, మాడు మీద ఇంత ఆముదం పోసి, అది ఇంకేదాకా అరచేత్తో తట్టేది. ఆ వాసన మర్నాడు నాతో పాటే పనికి వచ్చేది.

ఆమె భయానికి కారణం నా ఉద్యోగమే. రెండో పెద్ద యుద్ధం మొదలైన కాలం అది. మేం మాదన్నపేటలో ఉండేవాళ్లం. మా ఆయన అఫ్జల్‌గంజ్‌లో ఒక బట్టల దుకాణంలో గుమాస్తా. నేను ఉర్దూ బడిలో మిడిల్ దాకా చదువుకున్నాను. తెలుగు ఇంటి భాష, దక్కనీ గల్లీ భాష. ఈ రెండూ తప్ప నాకు వేరే అర్హతలేమీ లేవు. కానీ మా ఇంటికి నాలుగడుగుల దూరంలో దవాఖానా పెట్టుకున్న డాక్టర్ సాబ్‌కు సరిగ్గా అలాంటి మనిషే కావలసి వచ్చింది.

డాక్టర్ సాబ్ యాభై దాటిన మనిషి. సన్నగా, పొడుగ్గా, నాలుగు మాటలు మాట్లాడాల్సిన చోట ఒకటి మాట్లాడి, మిగతా మూడింటికీ బదులుగా నవ్వేవారు. ఆ నవ్వు వల్ల ఆయనకు జరిగిన నష్టం ముందు ముందు చెబుతాను. ఆయన బొంబాయి నుంచి ఒక యంత్రం తెప్పించారు. అది ఎడ్లబండి మీద వచ్చిన రోజున గల్లీ అంతా దర్వాజాల దగ్గర నిలబడింది. నిలువెత్తు బీరువాలాంటి పెట్టె, ముందర నల్లటి గుండ్రటి మరలు, పైనుంచి ముందుకు చాచిన రెండు చేతులు, చేతుల చివర జొన్నరొట్టెలంత రబ్బరు బిళ్లలు. పెళ్లికూతురిని దింపుకున్నట్టు దాన్ని దింపించి, సొంత రుమాలుతో దుమ్ము తుడిచారు డాక్టర్ సాబ్.

దాని పేరు డయాథెర్మీ. ఆ పేరు ఎవరికీ నోరు తిరగలేదు. "కరెంటు కాపుడు" అన్నారు, అదే నిలిచింది. ఉప్పుమూటతో కాపడం పెడితే వేడి పైనుంచి లోపలికి దిగాలి. నొప్పి దాకా చేరేలోపు చర్మం కాలుతుంది, వేడి చల్లారుతుంది. ఈ యంత్రంలో రేడియో తరంగాల్లాంటివే పుడతాయని, అవి రెండు బిళ్లల మధ్య పెట్టిన మోకాలినో భుజాన్నో లోపలి నుంచే వెచ్చబరుస్తాయని డాక్టర్ సాబ్ నాకు చెప్పారు. వేడి చేసే తీగ లేదు, నిప్పు లేదు. మనిషి తన వేడి తానే పుట్టించుకున్నట్టు ఉంటుంది.

మోకాళ్ల నొప్పులు ఎక్కువగా ఉండేది ఆడవాళ్లకు. వాళ్లలో చాలామంది పర్దాలో ఉండేవాళ్లు. టాంగాకు తెర కట్టించుకుని వచ్చి, తెర వెనకే కూర్చుని, మోకాలు మాత్రం డాక్టరుకు చూపించేది లేదనేవాళ్లు. అందుకని నన్ను పెట్టుకున్నారు. ఒంటి మీది లోహం తీయించడం, చెక్క కుర్చీలో కూర్చోబెట్టడం, తువ్వాలు మడతపెట్టి బిళ్లలు సర్దడం, మర తిప్పడం, "వేడి తగుల్తుందా, చురుక్కుమంటుందా" అని అడుగుతూ ఉండడం నా పని. డాక్టర్ సాబ్ పర్దాకు అటువైపు నిలబడి, తెరతో మాట్లాడినట్టు మాట్లాడేవారు.

యంత్రం దగ్గర లోహం వేడెక్కి ఒళ్లు కాలుస్తుంది గనక తీయించాలి, అన్నిటికంటే కష్టమైన పని అదే. మోకాలికి కాపడం పెడితే మెడలో నగకేమీ కాదని తెలిసినా డాక్టర్ సాబ్ జాగ్రత్త మనిషి. ఒక పెద్దింటి బేగం నగలు ఒక్కొక్కటే తీసి నా చేతుల్లో పెట్టి, నల్లపూసల లచ్చా దగ్గర ఆగిపోయింది. అది తీస్తే ఇంటాయనకు అరిష్టమని ఆమె, ఉంచితే యంత్రానికి అరిష్టమని నేను. చివరికి దాన్ని దారంతో పైకి ముడివేసి, గడ్డం కింద దాచుకుని కూర్చుంది. కాపడం అయినంతసేపూ తలెత్తి కప్పు వంకే చూసింది.

యంత్రం పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి డాక్టర్ సాబ్ నాకొక చిన్న గాజుగొట్టం ఇచ్చారు. దాన్ని బిళ్ల దగ్గరికి తీసుకుపోతే, ఏ తీగా తగలకుండానే, నా చేతిలోనే ఎర్రగా వెలిగేది. మొదటిసారి చూసినప్పుడు నాకు నవ్వూ భయమూ కలిసి వచ్చాయి. ఆ సంగతి సాయంత్రం ఇంట్లో గొప్పగా చెప్పాను. అత్తమ్మ వింటూ వింటూ బియ్యం ఏరడం ఆపేసింది. "చేతిల గాజు ముక్కే వెలిగితే తలకాయల ఏమేం వెలుగుతున్నయో" అంది. ఆముదం ఆ రాత్రి నుంచే మొదలైంది.

దవాఖానాకు గోడ అవతల ఒక ఘడీసాజ్ ఉండేవాడు. ఇంటి ముందు గదిలోనే దుకాణం. కంటికి నల్లటి అద్దం బిగించుకుని, రోజంతా గడియారాల పొట్టల్లోకి తొంగిచూసేవాడు. మర్యాద మనిషి, కానీ పట్టుదల మనిషి. గడియారం సరిగ్గా నడవకపోతే ఎక్కడో ఒక పన్ను అరిగి ఉంటుందని, లోకంలో ప్రతి గోలకూ అలాంటి ఒక పన్ను ఉంటుందని ఆయన నమ్మకం. భార్యను గల్లీలో అందరూ ఆపా, అంటే అక్క, అనేవాళ్లు, నేనూ అలాగే అనేదాన్ని. ఆపా నాకు కొంచెం పెద్దది. గుండ్రటి మనిషి, చేతుల్లో ఎప్పుడూ ఏదో ఒక అల్లిక ఉండేది.

యుద్ధం వార్తల కోసం ఘడీసాజ్ ఒక రేడియో కొన్నాడు. మేడ మీద రెండు గడలు పాతి ఏరియల్ తీగ కట్టించాడు. ఆపా దాని నెత్తిన వేయడానికి తెల్లటి లేసు గుడ్డ అల్లింది. మొదటి వారం గల్లీలో మగవాళ్లంతా వాళ్ల అరుగు మీదే ఉన్నారు. రెండో వారంలో రేడియో కూయడం మొదలుపెట్టింది. వార్తలు చదివే మనిషి గొంతు మధ్యలో "గుర్‌ర్‌ర్" అని ఒక చప్పుడు లేచి, ఏ దేశం ఎవరి మీద పడిందో వినపడకుండా చేసేది. దుకాణం వాడు వచ్చి చూసి, తీగ తప్పంటూ గడలు జరిపించాడు. అయినా కూత ఆగలేదు. ఇంకోసారి వచ్చి గడలను ఇంకో మూలకు జరిపాడు. కూత కూడా వాటి వెంటే వెళ్లింది.

దాని పన్ను ఎక్కడ అరిగిందో చివరికి ఘడీసాజే కనిపెట్టాడు. తెర కట్టిన టాంగా దవాఖానా ముందు ఆగిన కాసేపటికి రేడియో కూస్తుంది. టాంగా వెళ్లిపోతే మానేస్తుంది. టాంగాకు, రేడియోకు మధ్య ఉన్నది కరెంటు కాపుడు ఒక్కటే. ఆయన టోపీ సర్దుకుని దవాఖానాకు వచ్చి, సలాం చెప్పి, ఎవరినీ నిందించకుండా సంగతి చెప్పాడు. డాక్టర్ సాబ్ ఒప్పుకున్నారు కూడా. నిజమే, నా యంత్రం తరంగాలు గోడ దాటి వస్తాయి, మన్నించాలి అన్నారు. అంతటితో అయిపోయేదే. కానీ ఘడీసాజ్ వెళ్లలేదు. కుర్చీ జరుపుకుని కూర్చుని ఒక ప్రశ్న వేశాడు.

"డాక్టర్ సాబ్, గోడ దాటి నా రేడియోలకు వచ్చిన చీజ్ నా తలకాయలకు రాదా? రేడియో కంటె నా తలకాయ మెత్తగనే ఉన్నది. పదిహేను దినాల సంది నొస్తున్నది కూడ."

ఆ ప్రశ్న నాకు చాలా సబబుగా తోచింది. ఏం జవాబు వస్తుందోనని తువ్వాళ్లు మడతపెట్టడం ఆపి విన్నాను. డాక్టర్ సాబ్ నవ్వారు.

ఆయన అలవాటుగా నవ్వారు. ఘడీసాజ్‌కు ఆ అలవాటు తెలియదు. ముఖం ఎర్రబడి, లేచి, మళ్లీ సలాం చెప్పి వెళ్లిపోయాడు. ఆ సలాం మొదటి దానికంటే చాలా పొట్టిగా ఉంది. తర్వాత నేను డాక్టర్ సాబ్‌ను అడిగాను, ఎందుకు నవ్వారని. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "నాకు పూర ఎర్కలేదు బేటీ, అందుకే నవ్వొచ్చింది" అన్నారు.

రేడియో చేసేదే వినే పని అని, ఎంత సన్నటి గుసగుస అయినా పట్టుకోవడానికే దాన్ని కట్టారని, గోడ దాటేసరికి ఈ తరంగాలు అలాంటి గుసగుసలే అవుతాయని ఆయన వివరించారు. గోడ అవతలి గుసగుస చెవికి వినిపించవచ్చు గానీ వీపు మీద దెబ్బలా తగలదు కదా. అది ఆయనకు గట్టిగా తెలుసు. కానీ బిళ్లలు నేరుగా తల మీద పెడితే మెదడుకు ఏమవుతుందో తనకే కాదు, పుస్తకాలు రాసినవాళ్లకు కూడా సరిగ్గా తెలియదన్నారు. ఒళ్లంతా నెత్తురు తిరుగుతూ వేడిని మోసుకుపోతుంది. కంటి గుడ్డు లాంటి చోట్ల నెత్తురు తక్కువ, అక్కడ వేడి నిలిచిపోతుంది. అందుకే మెడ పైన యంత్రం పెట్టేది లేదని ఆయన నియమం. ఒక వకీలు గారి భార్య వచ్చి, తన ఇంటాయనకు చట్టాలు గుర్తుండడం లేదని, నెత్తి కాస్త వెచ్చబరచమని బతిమాలినా ఆయన ఒప్పుకోలేదు.

ఇదంతా ఘడీసాజ్‌కు చెప్పి ఉంటే సరిపోయేది. ఆయనకు చెప్పింది మాత్రం నవ్వు ఒక్కటే. దాంతో ఆయన తన ప్రశ్నను గల్లీకి వేశాడు. గల్లీ నవ్వలేదు, జవాబులు ఇచ్చింది. ఫలానా ఇంట్లో పాలు విరిగింది అందుకే. ఫలానా కోడి గుడ్లు పెట్టడం మానేసింది అందుకే. ఒక ముసలాయన తన మతిమరుపంతా గోడ అవతలి నుంచే వస్తోందని తేల్చుకున్నాడు. ఆయన ఇల్లు వేరే గల్లీలో ఉందని ఎవరో గుర్తు చేశారు. అది కూడా మరిచిపోయానన్నాడు. టాంగాలు తగ్గాయి. వచ్చినవాళ్లు కూడా తల చుట్టూ తడి తువ్వాలు చుట్టుకుని కూర్చునేవాళ్లు. మా ఇంట్లో ఆముదం సీసా ఖాళీ అయ్యే వేగం పెరిగింది.

డాక్టర్ సాబ్ కొన్ని రోజులు ఖాళీ కుర్చీలను చూస్తూ కూర్చున్నారు. ఒక పొద్దున నేను వెళ్లేసరికి ఆయన ముఖం తేటగా ఉంది. ఘడీసాజ్ ఇంటికి తనే వెళ్లి, నవ్వినందుకు మాఫీ అడిగి, ఒక పరీక్షకు ఒప్పించి వచ్చారు. రెండు మేక భేజాలు, అంటే మేక మెదళ్లు, తెప్పించాలి. ఒకటి యంత్రం బిళ్లల మధ్య పెట్టాలి. రెండోది గోడ అవతల. రెండూ ఏమవుతాయో గల్లీ పెద్దల ముందు చూడాలి. రెండోది ఎక్కడ పెట్టాలో ఘడీసాజే చెప్పాడు. కూత అన్నిటికంటే గట్టిగా ఉండేది రేడియోలో, కాబట్టి రేడియో మీదే పెట్టాలి. అక్కడ చల్లగా ఉంటే తన తలకాయ కూడా చల్లగానే ఉన్నట్టు.

భేజాలు తెచ్చే పని నాకు పడింది. మాదన్నపేట మార్కెట్ పక్కన మాకు తెలిసిన మాంసం కొట్టే కసాబ్ ఉన్నాడు. రెండు ఎందుకమ్మా, చుట్టాలు వచ్చిండ్రా అని అడిగాడు. ఒకటి కరెంటు కాపడానికి, ఒకటి రేడియోకు అని చెప్పాను. అతను మోదుగాకుల్లో కట్టి ఇచ్చి, నేను మలుపు తిరిగేదాకా నా వంకే చూస్తూ నిలబడ్డాడు.

పరీక్ష రోజున దవాఖానా నిండిపోయింది. ఒక భేజాను చీనీ పింగాణీ గిన్నెలో పెట్టి, రెండు వైపులా బిళ్లలు సర్ది, నేను మర తిప్పాను. గోడ అవతల రేడియో కూత వినిపించింది. మా యంత్రం నడుస్తోందనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. మనుషులకు పెట్టే వేడి దగ్గర ఆపి డాక్టర్ సాబ్ గిన్నెలోకి వేలు పెట్టి చూశారు, పెద్దల చేత పెట్టించారు. గోరువెచ్చగా ఉందన్నారు అందరూ. తర్వాత ఆయన మరను మనుషులకు ఎప్పుడూ తిప్పనంత తిప్పమన్నారు. కాసేపటికి భేజా అంచులు గుడ్డు తెల్లసొన గట్టిపడ్డట్టు తెల్లబడ్డాయి. సన్నగా ఆవిరి లేచింది. నిప్పు లేని గదిలో మాంసం వాసన వచ్చింది. ఘడీసాజ్ చెయ్యి తనకు తెలియకుండానే టోపీ మీదికి వెళ్లింది.

డాక్టర్ సాబ్ ఈసారి నవ్వలేదు. ఇది చచ్చిన మాంసం, ఇందులో వేడిని మోసుకుపోయే నెత్తురు లేదు, అయినా బిళ్లల మధ్య తల పెట్టకూడదని నేను ఎందుకంటానో మీరే చూశారు అన్నారు. గోడ అవతల ఏమైందో చూద్దాం పదండి అన్నారు.

అందరం ఘడీసాజ్ ఇంటి ముందు గదిలోకి వెళ్లాం. రేడియో మీద చీనీ పళ్లెం ఉంది. పళ్లెంలో ఏమీ లేదు.

కొంతసేపు అందరూ పళ్లెం వైపే చూశారు. ఒకాయన వంగి రేడియో వెనక కూడా చూశాడు. వెనక నుంచి ఎవరో భేజా గాయబైందని మెల్లగా అన్నారు. ఆ మాట వాకిట్లోకి, వాకిట్లోంచి గల్లీలోకి పోవడం మాకు లోపలికే వినిపించింది. సరిగ్గా అప్పుడు లోపలి గది తెర వెనక నుంచి చుయ్‌మన్న చప్పుడు, దాని వెనకే పసుపు, అల్లం, వేగుతున్న భేజా వాసన వచ్చాయి. ఘడీసాజ్ కుర్చీలో కూలబడ్డాడు. "ఉడికింది" అన్నాడు. ఆయన మనసులో భేజా రేడియో మీద ఉడికి, ఇంకా ఎక్కడో ఉడుకుతూనే ఉంది.

మగవాళ్లెవరూ తెర దాటి పోవడానికి లేదు. డాక్టర్ సాబ్ నా వైపు చూశారు. నేను లోపలికి వెళ్లాను.

ఆపా పొయ్యి ముందు తీరిగ్గా కూర్చుని భేజా తిప్పుతోంది. నన్ను చూసి, కూర్చోమని పీట చూపించి, ఇంకా మిరియాలు వేయాలంది. నేను అడిగితే జరిగిందంతా చెప్పింది. పొద్దున ఇంటాయన ఒక పళ్లెంలో భేజా తెచ్చి, రేడియో మీద పెట్టి, ఇది ఇక్కడే ఉండనీ అని ఒక్క మాట అని వెళ్లిపోయాడు. ఎందుకో చెప్పలేదు. డాక్టర్ సాబ్ వచ్చి మాఫీ అడిగి వెళ్లిన సంగతి ఆమెకు తెలుసు. కాబట్టి ఇది ఆయన పంపిన తోఫా అనుకుంది. దాన్ని రేడియో మీద ఎందుకు పెట్టాడంటే, మగవాళ్లకు ఏది ఎక్కడ పెట్టాలో తెలిస్తే గదా. మొన్న తాళం చెవులు ఉప్పు కుండలో దొరికాయి. రేడియో చాలాసేపటి నుంచి కూస్తుంటే తగ్గిద్దామని ముందు గదిలోకి వచ్చింది. భేజా మీద ఈగలు, కింద తాను నెలంతా అల్లిన లేసు గుడ్డ మీద ఎర్రటి నీళ్లు. ఒళ్లు మండి పళ్లెం అక్కడే ఉంచి భేజా తెచ్చేసుకుంది.

"ఆపా, నువ్వు తీసినప్పుడు అది వేడిగ ఉండెనా?" అని అడిగాను.

ఆమె గరిటె ఆపి నన్ను వింతగా చూసింది. నేను అదే ప్రశ్న మళ్లీ అడిగి, బయట గల్లీ అంతా దీనికోసమే నిలబడిందని చెప్పాను. ఆపా లేచి, కొంగు సర్దుకుని, తెర దగ్గరికి వచ్చి, ముందు గదికంతా వినపడేలా చెప్పింది.

"సల్లగ ఉన్నది గాబట్టే పొయ్యి మీద పెట్టిన. రేడియోనే ఉడకబెడితే నాకెందుకు ఇంత కష్టం?"

అవతల ఎవరో ముందు దగ్గారు, తర్వాత నవ్వారు. నవ్వు ఒకరి నుంచి ఒకరికి అంటుకుని వాకిట్లోకి వెళ్లింది. అన్నిటికంటే చివర నవ్వింది ఘడీసాజ్. డాక్టర్ సాబ్ మాత్రం భయపడి నవ్వలేదు. నేను తెర పక్కకు జరిపి చూసినప్పుడు ఆయన గంభీరంగా కళ్లద్దాలు తుడుచుకుంటున్నారు.

భేజా ముందు గదికి వచ్చింది, రొట్టెలు వచ్చాయి. పెద్దలు తలా ఒక ముక్క అందుకున్నారు. బిళ్లల మధ్య పెట్టిన భేజా సంగతి కూడా ఆపా అడిగింది. సగం ఉడికి ఉంది కదా, కట్టెలు మిగులుతాయి, పంపమంది. డాక్టర్ సాబ్ ఒప్పుకోక దాన్ని పిల్లులకు పెట్టించారు. నేను లోపల ఆపాతో కలిసి తిన్నాను. ఆ రోజుల్లో ఎవరింట్లో తినాలి, ఎవరింట్లో తినకూడదు అనే లెక్క ఇంటింటికీ వేరుగా ఉండేది. మా అత్తమ్మది చాలా తేలిక లెక్క. సాయంత్రం నేను కథంతా చెబితే, ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టడం మరిచిపోయి, మిరియాలు దంచి వేసిందా, పొడి వేసిందా అని అడిగింది.

ఘడీసాజ్ తలనొప్పి మాత్రం నిజమైనదే. రేడియో చల్లగా ఉందని తేలినంత మాత్రాన అది పోలేదు. దాని సంగతి కూడా ఆపాయే చెప్పింది నాకు, తినేటప్పుడు. యుద్ధం మొదలైనప్పటి నుంచి ఆయనకు నిద్ర లేదు. దూరదేశాల వార్తల కోసం రేడియోకు చెవి ఆనించి కూర్చుంటాడు. అర్థమయ్యే భాష అయినా కాకపోయినా వింటాడు. పగలంతా ఒక కంటికి అద్దం బిగించి, మెడ వంచి పని చేస్తాడు. నేను డాక్టర్ సాబ్‌కు చెప్పాను. ఆయన ఘడీసాజ్‌ను కూర్చోబెట్టి, రాత్రి నిద్ర పొమ్మన్నారు. నేను పడుకుంటే యుద్ధం సంగతి ఎవరు చూస్తారు అన్నాడు ఘడీసాజ్. మూడు నాలుగు వారాలు పట్టింది ఆయన్ను యుద్ధం మీద కాస్త భరోసా పెట్టి పడుకునేలా చేయడానికి. మెడ పట్టుకుపోవడం అప్పటికీ తగ్గలేదు. యంత్రం పెట్టించుకోమంటే, మెడ మీద తల ఉంది కదా డాక్టర్ సాబ్ అని వెనక్కి తగ్గాడు. భుజాల దగ్గర, చాలా కిందికి పెడతానని డాక్టర్ సాబ్ మాటిచ్చాక ఒక రోజు వచ్చి కూర్చున్నాడు. కళ్లు గట్టిగా మూసుకుని, మధ్యమధ్య తన పేరు, తండ్రి పేరు, దుకాణం ఉన్న గల్లీ పేరు పైకి చెప్పుకుంటూ ఉన్నాడు. లేచాక అన్నీ గుర్తున్నాయని సంతోషపడ్డాడు. తర్వాత వారం వారం వచ్చేవాడు.

రేడియో కూత కూడా ఆగలేదు, ఆగేది కాదు. దానికి నేనూ ఆపా ఒక ఏర్పాటు చేసుకున్నాం. మర తిప్పే ముందు నేను గోడ మీద తడతాను. అటువైపు వార్తలో పాటో వస్తుంటే ఆపా తిరిగి తడుతుంది, అంటే ఆగమని. తట్టకపోతే కానిమ్మని. పాట మంచిదైతే ఆపా రేడియో గొంతు పెంచేది. మోకాలికి బిళ్లలు పెట్టుకున్న బేగంలు, ఇంకా మర తిప్పకుండానే, తలలూపుతూ వినేవాళ్లు. పాటతోనే సగం నొప్పి పోయిందని ఒకావిడ లేచి వెళ్లిపోయింది కూడా. గల్లీలో కథ మాత్రం ఎటు తిరగాలో అటే తిరిగింది. డాక్టర్ సాబ్ యంత్రంలో భేజా నిప్పు లేకుండా చక్కగా వేగుతుందన్న పేరు వచ్చింది. చాలా రోజుల దాకా ఎవరో ఒకరు వచ్చి, మేక కాళ్ల పాయా కూడా అవుతుందా అని అడిగి పోయేవాళ్లు.

యుద్ధం ముదిరాక యంత్రం లోపల వాల్వు అనే ఒక గాజుబుడ్డి కాలిపోయింది. బొంబాయిలో దొరకలేదు. సముద్రం మీద ఓడలు లేవన్నారు. ఇందుకు సంతోషించాల్సిన మనిషి ఘడీసాజే. రేడియోలో ప్రతి మాటా గాజులా తేటగా వినిపిస్తోంది. కానీ మెడ కోసం ఆయనే అందరికంటే ఎక్కువ తిరిగాడు. గడియారాల సామాను తెచ్చే వాళ్లందరినీ అడిగాడు, తన రేడియో వెనక మూత విప్పి, అందులోది దీనికి పనికొస్తుందేమో చూడమని డాక్టర్ సాబ్‌ను పిలిచాడు. అది వేలెడంత, ఇది మూరెడంత. పనికి రాలేదు. యంత్రం మీద దుప్పటి కప్పారు. నేను కట్లు కట్టడం, మందు సీసాలు నింపడం నేర్చుకున్నాను. ఉద్యోగం పోలేదు.

ఆ తర్వాత చలికాలంలో మా అత్తమ్మకు మోకాలు పట్టేసింది. కొన్నాళ్లు ఓర్చుకుని, ఒక పొద్దున స్నానం చేసి, మంచి చీర కట్టుకుని, నాతో పాటు బయల్దేరింది. యంత్రం చెడిపోయిందని ఇంట్లోనే చెప్పాను. నమ్మలేదు, నేను భయపడతానని దాస్తున్నావంది. దవాఖానాలో చెక్క కుర్చీలో కూర్చుని, అడగకుండానే కాళ్ల కడియాలు తీసి నా చేతిలో పెట్టి, దుప్పటి కప్పిన యంత్రం వైపు ధైర్యంగా చూస్తూ, "తిప్పు బిడ్డా, ఏమైతే అదే అయితది" అంది.

డాక్టర్ సాబ్ పర్దా అవతల నుంచి చాలా సేపు నవ్వు ఆపుకున్నారు. తర్వాత ఉప్పు వేయించి మూట కట్టి తెమ్మని నాకు మెల్లగా చెప్పారు. నేను మూట తెచ్చేసరికి అత్తమ్మ కళ్లు గట్టిగా మూసుకుని ఉంది, మోకాలి మీద పెట్టాను. ఆమె కళ్లు తెరవకుండానే కాసేపు చూసి, కరెంటు కాపుడు బాగానే ఉంది గానీ ఉప్పు వాసన వస్తోందంది.